నచ్చిందని చెప్పి ఊరుకోకండి, ఏం నచ్చిందో రాయండి

ప్రశ్న: మాది చీరాల పక్కన ఒక ఊరు. నాకు యాభై దాటాయి. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ మగ్గాల ఇళ్ళే. ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు, పిల్లలు ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. తీరిక దొరికినప్పుడల్లా వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చుని కథలు చదువుకుంటాను. ఈ మధ్య ఒక కథల పుస్తకంలో నేత ఇంటి కోడలి కథ చదివితే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రచయిత్రికి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. ‘మీ కథ చాలా బాగుంది, కళ్ళు చెమర్చాయి’ అన్నాక కలం కదల్లేదు. కథలో ఒకచోట పొరపాటు రాశారనిపించింది. అది చెప్పొచ్చో లేదో తెలియదు. మావారేమో ‘పదో తరగతి చదివినదానివి, పుస్తకాలు రాసేవాళ్ళకి నువ్వు చెప్పేదేముంది?’ అన్నారు. మాలాంటివాళ్ళు రాస్తే వాళ్ళకి నిజంగా ఉపయోగమా? రాస్తే ఏం రాయాలి? ఫోన్ చేస్తే సరిపోదా?
(పేరు వెయ్యొద్దన్నారు)

జవాబు:

రాయండి. ఆ పొరపాటు సంగతి కూడా రాయండి.

మీరు నాకు పంపిన ఉత్తరం పొడుగ్గా ఉంది, చోటు చాలక పైన కుదించి వేశాను. అందులో మధ్య పేజీల్లో మీరు యథాలాపంగా రాసుకుంటూ పోయిన రెండు సంగతులున్నాయి. ఆ రచయిత్రికి పంపాల్సిన ఉత్తరం అదే. ఆవిడకి రాయబోయేసరికి మొహమాటం అడ్డొచ్చింది, నాకు మాత్రం పక్కింటివాళ్ళతో చెప్పినట్టు చెప్పేశారు. అందుకే అవి అంత బాగా వచ్చాయి.

మొదటిది మగ్గం చప్పుడు. కథలో కోడలు మగ్గం మీద ఉంటుంది, అత్తగారు వంటింట్లో ఉంటుంది. చప్పుడు ఆగిపోతుంది. అత్తగారు ఉన్నచోటినుంచి కదలకుండానే ‘ఏమే, పోగు తెగిందా?’ అని కేకేస్తుంది. ఈ ఒక్క వాక్యం దగ్గర మీరు పుస్తకం మూసేశారట. మీ అత్తగారు కూడా మిమ్మల్ని చూడకుండానే మీరేం చేస్తున్నారో చెప్పేదట. అడ్డపోగు నూలు చుట్టిన కండె అయిపోయి మార్చుకోవడానికి ఆగితే పలకరించేది కాదు. పోగు తెగి ఆగితే కాసేపు చూసి అడిగేది. ఊరికే చేతులు ఆపి కూర్చుంటే మాత్రం వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగేది. ‘ఏడవడానికి ఆగినా ఆవిడకి తెలిసిపోయేది’ అని రాశారు మీరు. నేనా వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. ఆ కథ నేనూ చదివాను. ‘పోగు తెగిందా’ అన్న మాటని అత్తగారి గదమాయింపు అనుకుని దాటేశాను. మీ ఉత్తరం చూశాక మళ్ళీ తీసి చదివితే, అత్తగారికి సంగతి తెలిసే అలా అడిగిందేమో, కోడలికి కళ్ళు తుడుచుకునే వ్యవధి ఇస్తోందేమో అనిపించింది. మీరు చెప్పేదాకా నాకు ఆ కథలో ఆ తలుపు కనబడలేదు.

రెండోది వాన. శ్రావణ మాసం ముసురులో, బయట కుండపోతగా కురుస్తుంటే, ఆ అమ్మాయి నేలలో గుంట తవ్వి అమర్చే గుంట మగ్గంలో కూర్చుని రాత్రంతా నేసి తెల్లారేసరికి చీర దించినట్టుంది కథలో. మీ ఊళ్ళో అది జరిగే పని కాదన్నారు. ముసురు పట్టిందంటే నేల చెమ్మగిల్లి గుంటలోకి నీళ్ళు ఊరతాయి, పడుగు (నిలువు పోగులు) మెత్తబడుతుంది, అడ్డపోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే నాడె సాఫీగా పోదు, పని ఆపక తప్పదు. వీధిలో పడుగు సాగదీసి గంజి పెట్టుకోవడానికి కూడా ఎండ ఉండదు. మజూరీ రాదు కాబట్టి ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడేది ఆ రోజుల్లోనే. షావుకారు దగ్గర ముందే డబ్బు వాడుకునేదీ అప్పుడే. ఇదంతా మీరు తప్పు పట్టడం కోసం రాయలేదు. గుర్తొచ్చి రాశారు. ఆ తేడా చదివేవాళ్ళకి తెలుస్తుంది.

ఇప్పుడు మీవారి మాటకి వద్దాం. పుస్తకాలు రాసేవాళ్ళకి మీరు చెప్పేదేముంది అని ఆయన అడిగారు. తెలుగులో కథల పుస్తకం ఎలా వస్తుందో తెలిస్తే ఆయన అలా అనేవారు కాదు. చాలా పుస్తకాలకి రచయితే సొంత డబ్బు పెట్టుకుని అచ్చు వేయించుకుంటారు. మొదటి పేజీ వెనక ‘ప్రతులు: 500’ అని ఉంటుంది. అందులో కొన్ని షాపులకి వెళ్తాయి, కొన్ని ఆవిష్కరణ సభలో పంచుతారు, ఇంకొన్ని రచయితే కవర్ల మీద అడ్రసులు రాసుకుని, పోస్టాఫీసుకి మోసుకెళ్ళి, తెలిసినవాళ్ళకి పంపుకుంటారు. లోపల ‘చదివి మీ అభిప్రాయం చెప్పండి’ అని సంతకం చేస్తారు. ఆ మాట మర్యాదకి రాసేది కాదు. నిజంగానే ఎదురుచూస్తారు. తిరిగొచ్చేదేమిటంటే ‘పుస్తకం అందిందండీ, థాంక్స్, తీరిగ్గా చదివి చెప్తాను’ అన్న మెసేజీ. ఆ తీరిక చాలామందికి ఎప్పటికీ రాదు. సభలో మాట్లాడిన పెద్దలు ముందుమాట తిరగేసి, రచయిత మంచితనం గురించి చెప్పి దిగిపోతారు. పత్రికల్లో సమీక్ష వచ్చినా కథల పేర్లు వరసగా చెప్పడానికే చోటు సరిపోతుంది. మిగిలింది వాట్సాప్‌లో దండం బొమ్మా, పూలగుత్తి బొమ్మా.

కథ రాసినావిడ ఆ ‘పోగు తెగిందా’ వాక్యం కోసం ఎంత తన్నుకుందో మనకి తెలియదు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉండొచ్చు. లేదా ఎక్కడో విన్న మాటని, దాని బరువు తనకే పూర్తిగా తెలియకుండా పెట్టేసి ఉండొచ్చు. ఏదైనా సరే, అది ఒక మనిషికి చేరిందనీ, చేరి ఆవిడ వంటింటిదాకా వెళ్ళిందనీ తెలియడానికి ఆ రచయిత్రికి మీరు తప్ప వేరే దారి లేదు. సంపాదకుడు చెప్పలేడు, విమర్శకుడు చెప్పలేడు, నేనూ చెప్పలేకపోయాను.

ఒకప్పుడు ఈ పని మనవాళ్ళు బాగానే చేసేవారు. పాత వారపత్రికలు తిరగేస్తే పాఠకుల ఉత్తరాల పేజీలో ముందు సంచికల్లో వచ్చిన కథల గురించి రాసినవాళ్ళు కనబడతారు. పొగడ్తలూ ఉంటాయి, దెబ్బలాటలూ ఉంటాయి. గుంటూరు జిల్లాలో దుగ్గిరాల దగ్గర తుమ్మపూడి అనే పల్లెలో ఉండి రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారు జీవితమంతా ఉత్తరాలు రాశారు. బొమ్మలు వేసేవాళ్ళకి, రాసేవాళ్ళకి, ఏ పేరూ లేనివాళ్ళకి. 1999లో ఆయన పోయారు. ఆయన లేఖలు పుస్తకాలుగా వచ్చాయి. ఊరు చిన్నదైతే మాట చిన్నదవుతుందని అనుకునేవాళ్ళకి ఆయన పేరు గుర్తు చేస్తుంటాను.

శ్రద్ధగా చదివిన మనిషి చెప్పే మాట ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి మన భాషలోనే పెద్ద ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావు గారు మొదట్లో ఇంగ్లీషులో పద్యాలు రాసేవారు. ఇరవై దాటిన వయసులో, 1883లో, ఆయన రాసిన ‘సారంగధర’ ‘ఇండియన్ లీజర్ అవర్’ అనే పత్రికలో వచ్చింది. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ గారు దాన్ని చదివారు. బాగుందని మెచ్చుకుని ఊరుకోలేదు. ఎంత ప్రతిభ ఉన్నా పరాయి భాషలో రాస్తే అది పూర్తిగా బయటికి రాదని, తెలుగులో రాయమని ఆ కుర్రాణ్ణి ప్రోత్సహించారు. ‘కన్యాశుల్కం’ మొదట ప్రదర్శించింది 1892లో. అచ్చయింది 1897లో. దాన్ని గురజాడ మళ్ళీ పట్టుకుని చాలా మార్చి, పెంచి, రెండో కూర్పు తెచ్చింది 1909లో. ఇదంతా ముఖర్జీ గారి ఒక్కమాట వల్లే జరిగిందని నేననను. గురజాడకి ఆయన బుద్ధి ఆయనకుంది, చుట్టూ స్నేహితులున్నారు. కానీ బెంగాల్‌లో ఉన్న ఒక పాఠకుడు, విజయనగరం కుర్రాడి ఇంగ్లీషు పద్యం చదివి, అందులో ఉన్నదేమిటో, అక్కడ పట్టనిదేమిటో ఆలోచించి చెప్పాడు. ‘భేష్’ అనేసి వదిలేస్తే ఆ ఇంగ్లీషు పద్యాలే ఇంకొన్ని వచ్చేవేమో.

ముఖర్జీ గారు సంపాదకుడు కదా, నేనెక్కడ ఆయనెక్కడ అంటారు మీరు. పెద్దవాడు కాబట్టి ఆయన మాట విన్నారని మీకు అనిపించొచ్చు. ఇంకొకరి సంగతి చెప్తాను. 1913 జనవరి 16న మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ తను కనిపెట్టిన లెక్కలు కొన్ని కాగితాల మీద పెట్టి కేంబ్రిడ్జిలో ఉన్న గణిత పండితుడు హార్డీకి పంపారు. ఫిబ్రవరి 8న హార్డీ జవాబు రాశారు. ఆ జవాబులో ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. వచ్చిన ఫలితాలన్నిటినీ మూడు రకాలుగా విడదీశారు. ఇదివరకే తెలిసినవీ, తెలిసినవాటినుంచి తేలిగ్గా రాబట్టగలిగినవీ ఒకటి. కొత్తవే, వింతగానే ఉన్నాయి గానీ అంత ముఖ్యం కానివి రెండోది. కొత్తవీ, ముఖ్యమైనవీ మూడోది. నిరూపణలు పంపమని గట్టిగా అడిగారు. అంటే కొన్ని మాకు ముందే తెలుసు, కొన్ని అంత గొప్పవి కావు అని మొహం మీదే చెప్పారన్నమాట. దానికి రామానుజన్ ఫిబ్రవరి 27న ఏం రాశారో తెలుసా? నా శ్రమని సానుభూతితో చూసే స్నేహితుడు మీలో దొరికాడని రాశారు. హార్డీ ఎంత గొప్పవాడైనా, ‘అద్భుతం’ అని ఒక్క ముక్క రాసి పంపి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. ఒక్కొక్కటీ విప్పి చూశాడు కాబట్టి స్నేహితుడయ్యాడు.

లెక్కల్లో హార్డీకి తెలుసు. మగ్గం దగ్గర మీకు తెలుసు. ఆ రచయిత్రి ఎంత చదువుకున్నదైనా గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని పెరిగిన మనిషి కాకపోవచ్చు. అడిగి తెలుసుకుని, ఊళ్ళు తిరిగి, చూసి రాసి ఉంటుంది. పదో తరగతి చదివారా, పై చదువులు చదివారా అన్నది ఈ విషయంలో అడగాల్సిన ప్రశ్న కాదు. మీవారితో ఈ మాట నా తరఫున చెప్పండి. ఆయనా మగ్గాల ఇంట్లో పెరిగినవారే కాబట్టి, ఆ కథ చదివి వినిపించి, వాన సంగతి ఏమంటారో అడగండి కూడా. నా అనుమానం, మీకంటే ఆయనే ఎక్కువ చెప్తారు.

ఏం రాయాలన్నారు కదా. మీరు నాకు రాసినదాన్నే కాస్త సర్దితే ఇలా వస్తుంది:

‘నమస్కారమండీ. మీ పుస్తకంలో నేత ఇంటి కోడలి కథ చదివాను. నేనూ చాలా ఏళ్ళు మగ్గం మీద కూర్చున్నదాన్నే. అత్తగారు వంటింట్లోంచి “పోగు తెగిందా” అని అడిగిన చోట ఇంక చదవలేక పుస్తకం మూసేశాను. మా అత్తగారు కూడా చప్పుడుని బట్టే అన్నీ చెప్పేది. కండె మార్చడానికి ఆగితే అడిగేది కాదు. ఏడవడానికి ఆగినా ఆవిడకి తెలిసిపోయేది. మీ కథలో అత్తగారికి కూడా తెలిసే అలా అడిగిందని నాకనిపించింది. మీరు అలా అనుకునే రాశారా? ఇంకొక్క సంగతి. ముసురు రోజుల్లో ఆ అమ్మాయి రాత్రంతా నేసినట్టు రాశారు. మా వైపు ముసురు పడితే గుంటలోకి నీళ్ళు ఊరి పని ఆగిపోతుంది, ఆ రోజుల్లోనే మాకు ఇబ్బంది ఎక్కువ. మీరు చూసిన ఊళ్ళో మగ్గాలు వేరే రకమేమో నాకు తెలియదు. మా ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలనిపించి రాస్తున్నాను.’

చూశారా, ఇందులో ‘చాలా బాగుంది’ అన్న మాటే లేదు. పుస్తకం మూసేశాను అన్నదాంట్లోనే అది ఉంది. ‘కళ్ళు చెమర్చాయి’ కూడా తీసేశాను. ఆ మాట నిజమే అయినా, దాన్ని అందరూ అన్నిటికీ వాడి వాడి అరగదీశారు. మీ అత్తగారి గిన్నెల చప్పుడు మాత్రం ఇంకెవరూ రాయలేరు. వీలైతే దాన్ని కూడా చేర్చండి, చోటు చాలదని నేను వదిలేశాను.

మధ్యలో పెట్టిన ప్రశ్న చూడండి. ‘మీరు అలా అనుకునే రాశారా?’ అని. అలాంటి ప్రశ్న ఒకటుంటే అవతలి మనిషికి జవాబు రాయడం తేలిక. ఉత్త పొగడ్తకి ధన్యవాదాలు తప్ప ఎవరైనా ఏం రాయగలరు?

పొరపాటు చెప్పే పద్ధతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీ భయమంతా అక్కడే ఉంది కాబట్టి. ‘మీరు తప్పు రాశారు’ అని మొదలుపెడితే చదివేవాళ్ళు అక్కడే బిగుసుకుపోతారు. ‘మా ఇంట్లో ఇలా ఉండేది’ అంటే వింటారు. ఇది లౌక్యం కాదు, నిజం కూడా అంతే. మీకు తెలిసింది మీ ఊరు. ఇంకో ఊళ్ళో నేల ఎత్తు చేసుకుని ఉండొచ్చు, గుంట లేని మగ్గాలు ఉండొచ్చు. మీకు తెలిసినంత మేరకే చెప్పినప్పుడు ఆ మాటకి బలం వస్తుంది. అక్కడితో ఆపండి. వాన వల్ల నేత ఆగిపోయి, చీర దించాల్సిన గడువు దగ్గరపడుతుంటే ఆ కోడలి అవస్థ ఇంకా గట్టిగా వచ్చేదని నాకు అనిపిస్తోంది, మీకూ అనిపించి ఉంటుంది. అయినా ‘ఇలా మార్చి రాస్తే బాగుండేది’ అని మాత్రం రాయకండి. సంగతి అందిస్తే చాలు, దాన్ని ఏం చేసుకోవాలన్నది ఆవిడ ఇష్టం. కథ ఆవిడది.

ఎక్కడైనా అర్థం కాకపోతే అది కూడా రాయొచ్చు. ‘ఈ పేజీలో ఎవరు మాట్లాడుతున్నారో నాకు తెలియలేదు’ అన్న మాట చాలా పనికొస్తుంది. రాసినవాళ్ళకి అంతా తెలుసు కాబట్టి ఎక్కడ తికమక ఉందో వాళ్ళ కంటికి కనబడదు. చదివినవాళ్ళు తమ తెలివితక్కువ అనుకుని ఊరుకుంటారు. ఊరుకోవాల్సిన పని లేదు. కథ మొత్తం నచ్చకపోతే మాత్రం ఉత్తరం రాయక్కర్లేదు, ఇంకో పుస్తకం తీసుకోండి.

ఒకటి మాత్రం అడక్కండి. ‘ఇది మీ కథేనా? మీ ఇంట్లో జరిగిందేనా?’ అని. ఆడవాళ్ళు రాస్తే ఈ ప్రశ్న ఇంకా ఎక్కువ వస్తుంది. మొగుడు కొట్టే కథ రాస్తే మీ ఆయన కొడతాడా అని అడుగుతారు. దాంతో ఆ రచయిత్రి తర్వాతి కథ రాసేటప్పుడు ఎవరేమనుకుంటారో అని వెనకాడుతుంది. ఆవిడకి అది ఎక్కడినుంచి వచ్చిందో మనకి అనవసరం. మీ ఇంటి సంగతి మీరు చెప్పండి, ఆవిడ ఇంటి సంగతి అడగకండి. అలాగే ఉత్తరం చివర మన అమ్మాయి రాసిన కవితలు జత చేసి చూసి పెట్టమనడం, ముందుమాట రాయమనడం కూడా వద్దు. అప్పుడు పైన రాసిన మంచి మాటలన్నీ దానికోసమే రాసినట్టు కనబడతాయి. మీరలా చేసేవారు కాదని తెలుసు. ఈ పేజీ ఇంకా కొందరు చదువుతారు కాబట్టి అంటున్నాను.

ఫోన్ సంగతి. పత్రికల్లో కథ కింద రచయిత ఫోన్ నంబరు వేస్తే చాలామంది వెంటనే ఫోన్ చేస్తారు. మంచిదే. కొందరికి ఆ పలకరింపే కొండంత బలం. కానీ ఫోన్‌లో మనకి మొహమాటం ఎక్కువ. ‘చాలా బాగుందండీ’ అంటాం, ‘సంతోషమండీ’ అంటారు, ఏ ఊరని అడుగుతారు, అక్కడితో అయిపోతుంది. మీరు చెప్పిన గిన్నెల చప్పుడు ఫోన్‌లో వచ్చేది కాదు. ఇంకో సంగతి కూడా ఉంది. రచయిత్రుల నంబర్లు అచ్చయితే వేళాపాళా లేకుండా అక్కర్లేని ఫోన్లు చేసేవాళ్ళు ఉన్నారు. అందువల్ల కొత్త నంబరు కనబడితే ఎత్తనివాళ్ళూ, అసలు నంబరే ఇవ్వడం మానేసినవాళ్ళూ ఉన్నారు. ఉత్తరమైతే ఆవిడ తనకి వీలైనప్పుడు విప్పుకుంటుంది, మళ్ళీ చదువుకుంటుంది. మీకు కూడా రాసేటప్పుడు కథ ఇంకోసారి తెరవాల్సి వస్తుంది. నాకు రాసేముందు ఆ కథని మళ్ళీ చదివానని మీరే అన్నారు. వాన సంగతి మీ కంటపడింది ఆ రెండోసారే. ఉత్తరం వల్ల మీకేమిటి లాభమని ఎవరైనా అడిగితే, నేను ముందుగా చెప్పేది ఇదే. ఇష్టమైన కథతో ఇంకో పూట గడుపుతారు, మొదటిసారి ఏడుపులో కొట్టుకుపోయినవి రెండోసారి కనబడతాయి.

జవాబు వస్తుందా అంటే, రావచ్చు, రాకపోవచ్చు. రాసేవాళ్ళకీ ఉద్యోగాలు, వంటలు, ఆసుపత్రులు ఉంటాయి. జవాబు రాలేదని మీ ఉత్తరం నచ్చలేదనుకోకండి. చదివి దాచుకుని, ఏం రాయాలో తోచక ఊరుకునేవాళ్ళు చాలామంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మంచి ఉత్తరం వస్తే దాన్ని పదిమందికీ చూపించుకోవాలని రాసేవాళ్ళకి ఉంటుంది. అమెరికాలో 1855లో వాల్ట్ విట్మన్ అనే కవి ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ అనే తన కవితల పుస్తకాన్ని సొంతంగా అచ్చు వేసుకుని ఒక ప్రతి అప్పటికే పేరున్న రచయిత ఎమర్సన్‌కి పంపితే, ఆయన మెచ్చుకుంటూ సొంతానికి ఉత్తరం రాశారు. విట్మన్ ఆయన్ని అడక్కుండానే దాన్ని పత్రికలో వేయించారు. మరుసటి ఏడాది రెండో కూర్పు వెన్ను మీద ఆ ఉత్తరంలోంచి ఒక వాక్యాన్ని బంగారు అక్షరాలతో అచ్చు వేసుకున్నారు. మీ అత్తగారి గురించి, ఇంట్లో ఇబ్బందుల గురించి రాస్తున్నారు కాబట్టి, ఎక్కడైనా వేయాలనుకుంటే ముందు నన్ను అడగండి అనో, పేరు లేకుండా వేసుకోండి అనో మీ ఉత్తరం చివర ఒక ముక్క రాయండి. నా దగ్గర మీరు పేరు వద్దని ముందే చెప్పినట్టే, అక్కడా చెప్పండి.

అడ్రసు ఎక్కడ దొరుకుతుందంటారేమో. పుస్తకం మొదటి పేజీ వెనక ‘ప్రతులకు’ అని ఉంటుంది. చాలాసార్లు అక్కడ రచయిత ఇంటి అడ్రసే ఉంటుంది. పుస్తకాల షాపు అడ్రసు ఒక్కటే ఉంటే, రచయిత్రి పేరు పైన రాసి, కింద కేరాఫ్ అని ఆ షాపు పేరు రాసి పంపండి, అందజేస్తారు. పోస్టుకార్డు మీద మీ సంగతులు పట్టవు, కవరే తీసుకోండి. పంపేముందు ఒక జిరాక్సు తీయించి దగ్గర ఉంచుకోండి. మీ ఫోన్ నంబరు, ఏ వేళల్లో తీరికో కూడా కింద రాయండి. ముసురు రోజుల గురించి ఆవిడ మిమ్మల్ని ఇంకా చాలా అడుగుతుందని నా నమ్మకం.